గని మూతపడిన పిమ్మట

ఆస్ట్రేలియా పశ్చిమ తీరమందలి పెర్త్ నగరం విడిచి తూర్పుగా సాగే బాటసారికి త్రోవ పొడుగునా ఒక తోడు ఉంటుంది. అది ఉక్కు నీటిగొట్టం. పడక, పొయ్యి, నీళ్లతొట్టి సమస్తమూ అమర్చిన చక్రాల ఇంటిని, అనగా కారవాన్‌ను, మోటారు వెనుక తగిలించుకొని యాత్రికులు ఏటా ఆ దారిని పోతుంటారు. సుమారు 600 కిలోమీటర్ల దూరాన ఉన్న కాల్గూర్లీ దాకా ఆ గొట్టం వారిని విడువదు.

కూల్గార్డీ వద్ద 1892లోను, కాల్గూర్లీ వద్ద 1893లోను బంగారం బయటపడినది. జనం ముందు వచ్చిరి. నీరు పదేండ్లకు గాని రాలేదు. అందాక ఉప్పునీటిని కాచి, ఆవిరిని చల్లార్చి, ఆ మంచినీటిని కొలిచి అమ్మేవారు. సరకులు ఒంటెల మీద వచ్చేవి. వాటిని తోలిన వారందరికీ 'ఆఫ్ఘనులు' అని ఒకే పేరు పెట్టిరి గాని, వారిలో బలూచిస్తానం, పంజాబు, సింధు దేశాలవారు అనేకులు. దూరదేశపు కూలివాని స్వస్థలం అడిగే తీరిక ఎవరికున్నది? తీరంలోని కొండలలో నీటిని నిలిపి 530 కిలోమీటర్లు నడిపించే పథకం వేసిన ఇంజనీరు ఓకానర్, నిందలకు తాళలేక 1902 మార్చిలో తన ప్రాణం తానే తీసుకున్నాడు. మరుసటి జనవరిలో నీరు కాల్గూర్లీ చేరినది.

ఆ దేశంలో హోటలంటే పానశాల, భోజనశాల, బస మూడును కలిసినది. కాల్గూర్లీకి సమీపాన కనోనా అనే ఊరిలో ఒకప్పుడు అటువంటివి పదహారు ఉండేవట. 1898 ఆగస్టులో ఒక వింత జరిగినది. పెద్ద బంగారు ముద్ద దొరికినదనీ, దాని జాడ లాంగ్ అనే యువ క్రైస్తవ గురువుకు రహస్యంగా తెలుసుననీ పుకారు పుట్టినది. జనం ఆయనను నిలువనీయలేదు. తుదకు హోటలు మేడ వసారా నుండి ఆయన ఆ చోటు చెప్పగానే, వేలమంది గుర్రాల మీద, సైకిళ్ల మీద పరుగు తీసిరి. ముద్ద ఎవరికీ దొరకలేదు. నేడు ఆ మేడా లేదు, ఆ ఊరూ లేదు. ఫలానా వీధి ఇక్కడ ఉండేదని చెప్పే పలకలు మాత్రం ఉన్నవి.

ఉత్తరంగా పోయి, రహదారి విడిచి తూర్పుకు తిరిగితే కూకినీ వస్తుంది. ఊరు దాదాపు పోయినది. గ్రాండ్ హోటలు నిలిచినది. వేళ్లమీద లెక్కింపదగిన ఊరివారికి గాక, దాహంతో వచ్చే కారవాన్ యాత్రికులకే అది తలుపు తెరచి ఉంచినదనవచ్చు.

అయితే మనసు ఆగిపోయేది గ్వాలియాలో. 1898లో ఆ గనికి మేనేజరుగా వచ్చిన ఇరవైమూడేండ్ల హూవర్, తరువాత అమెరికా అధ్యక్షుడైనాడు. ఖర్చు తగ్గించుటకు ఇటలీ కూలీలను చేర్చుకున్నవాడు ఆయనే. వారు రేకులతో, గోనెపట్టలతో గుడిసెలు కట్టుకొని, గోడలకు సున్నం పూసి, రెండు తరాలు కాపురముండిరి. దొంగసారా అరికట్టుటకు ప్రభుత్వమే 1903లో అక్కడ ఇటుకల మేడలో హోటలు తెరచినది. 1963 డిసెంబరు చివర గని మూసిరి. సుమారు పన్నెండు వందల జనంలో మూడు వారాలకు మిగిలినవారు నలభైమంది. మోయగలిగినది మోసుకొని, తక్కినది ఉన్నచోటనే విడిచిపోయిరి. తన ఇంటిని వెంట తెచ్చుకున్న యాత్రికుడు, వెంట తీసుకుపోలేక వదలిన ఆ ఇళ్లలోకి నేడు వంగి ప్రవేశిస్తాడు.

ఇంతటితో కథ ముగియలేదు. 1980ల నుండి అక్కడ తిరిగి బంగారం తవ్వుతున్నారు. గని మునుపటికన్న ఎంతో లోతుకు దిగినది. పనివారు విమానంలో వచ్చి, కొన్నాళ్లు శిబిరంలో ఉండి, మరల విమానంలోనే ఇంటికి పోతారు. బంగారం తిరిగి వచ్చినది గాని ఊరు రాలేదు. హూవర్ కట్టించిన బంగళా ముందు నిలిచి చూస్తే అడుగున పెద్ద గోతి. ఈవలి పక్క ఖాళీ గుడిసెలు, గాలికి కొట్టుకునే రేకు తలుపులు.