గ్రామ వ్యాసం (తెలుగు వికీపీడియా)

తెలుగు వికీపీడియాలో ఒక ఊరిని గురించి సభ్యులు స్వచ్ఛందంగా రాసే వ్యాసాన్ని గ్రామ వ్యాసం అంటారు. ఊరి ఉనికి, చరిత్ర, ప్రజలు, వృత్తులు, రవాణా సౌకర్యాలు, దర్శనీయ స్థలాలు ఇందులో ఉంటాయి. అచ్చు విజ్ఞాన సర్వస్వాలలో చిన్న ఊళ్ళకు ప్రత్యేక వ్యాసం ఉండడం అరుదు.

నేపథ్యం

తెలుగులో విజ్ఞాన సర్వస్వ రచనకు పూనుకున్న కొమర్రాజు వేంకట లక్ష్మణరావు ఆ పని పూర్తికాక మునుపే 1923లో మరణించాడు. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో వెన్న నాగార్జున కృషితో మొదలైంది. కంప్యూటరులో తెలుగు రాయడం తొలినాళ్ళలో పెద్ద అవరోధంగా ఉండేది. యూనికోడ్ వ్యాప్తి, లేఖిని వంటి ఉపకరణాలు దానిని తగ్గించాయి. తరువాత మండలాలు, గ్రామాల పేర్లతో వేలాది మొలకలు, అనగా ఒకటి రెండు వాక్యాల వ్యాసాలు, ఏర్పడ్డాయి.

మొలక నుండి వ్యాసం వరకు

నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్ మండలంలోని మన్ననూర్ ఇందుకు మంచి ఉదాహరణ. ఈ గ్రామం హైదరాబాదు - శ్రీశైలం రహదారిపై, నల్లమల అడవుల అంచున ఉన్నది. 2005లో దీనిని గురించి రాసే వ్యాసంలో "ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రము, మహబూబ్ నగర్ జిల్లా" అని ఉండడమే సరైనది. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడడంతో రాష్ట్రం, 2016 అక్టోబరు 11న జరిగిన పునర్విభజనతో జిల్లా మారాయి. పాత నాగార్జునసాగర్ - శ్రీశైలం పులుల అభయారణ్యంలో తెలంగాణ భాగం అమ్రాబాద్ పులుల అభయారణ్యమైనది. ఎవరో ఒకరు దిద్దకపోతే సరైన వాక్యమే కాలక్రమేణా తప్పవుతుంది. అందువల్ల ప్రతి అంకెకూ సంవత్సరం చేర్చడం మంచి పద్ధతి. 2021లో జరగవలసిన జనగణన వాయిదా పడినందున ఆ తరువాత కూడా జనాభాకు 2011 లెక్కలనే వాడవలసి వచ్చింది.

నిర్ధారత్వం

సభ్యులు రాసే విషయం ముందే ఎక్కడో ప్రచురితమై ఉండాలన్నది వికీపీడియా నియమం. సొంత పరిశోధనకు అందులో చోటు లేదు. ఎవరైనా మార్చగలిగే చోట కల్పనలను అరికట్టడానికి ఈ నియమం అవసరం. అయితే మన్ననూర్ వంటి ఊళ్ళలో దీనివల్ల ఒక చిక్కు ఏర్పడుతుంది. అమ్రాబాద్ పీఠభూమి చెంచులపై ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ రాసిన ఆంగ్ల గ్రంథం 1943లో వెలువడింది. దానిని మూలంగా చూపవచ్చు. అడవిలోని వాగుకు ఆ పేరెలా వచ్చిందో చెప్పగల చెంచు పెద్ద మాటను మాత్రం, అది అచ్చు కానంతవరకు, మూలంగా చూపడానికి వీలులేదు. చూసి వెళ్ళినవారి రాత నిలుస్తుంది, అక్కడే పుట్టి పెరిగినవారి మాట నిలవదు.

స్థానికులు చేయగల పని

నియమాన్ని ఉల్లంఘించకుండానే ఈ లోటును కొంత పూడ్చవచ్చు. పెద్దలు చెప్పిన విషయాలను వారి అనుమతితో సేకరించి, నమ్మదగిన పత్రికలోనో పుస్తకంలోనో ప్రచురిస్తే అవి మూలాలవుతాయి. తాము తీసిన ఫొటోలను స్వేచ్ఛా లైసెన్సుతో వికీమీడియా కామన్స్‌లో చేర్చవచ్చు. సందేహాలను వ్యాసపు చర్చా పేజీలో గాని, సభ్యులందరి చర్చావేదిక అయిన రచ్చబండలో గాని అడగవచ్చు. ప్రతి మార్పు చరితంలో నిలిచి ఉంటుంది కనుక పొరపాటున పోయిన పాఠాన్ని తిరిగి తేవచ్చు. కొత్తవారు దిద్దుబాటుకు వెనుకాడనవసరం లేదు.