ఊలు అల్లిక: చేతులకు పని, మనసుకు నెమ్మది

పుట్టబోయే మనవడి కోసం నానీలు, దాదీలు ఊలు టోపీలు, స్వెటర్లు అల్లడం ఒకప్పుడు చాలా ఇళ్లలో కనిపించేది. ఇప్పుడు అన్నీ బజార్లో రెడీమేడ్‌గా దొరుకుతున్నాయి. 'ఇంత కష్టపడి అల్లడం దేనికి?' అని అడిగేవారే ఎక్కువ. కానీ ఈ పని వల్ల అల్లేవారి ఆరోగ్యానికీ మేలు ఉందని పరిశోధనలు సూచిస్తున్నాయి.

మనసుకు ఎలా మేలు?

అల్లికలో ఒకే కదలిక మళ్లీ మళ్లీ వస్తుంది. ఒక మాటను, దుఆను లేదా కదలికను నెమ్మదిగా పదేపదే చేస్తుంటే ఊపిరి, గుండె వేగం తగ్గి శరీరం కుదుటపడుతుందని హార్వర్డ్ వైద్యుడు హెర్బర్ట్ బెన్సన్ 1970లలోనే వివరించారు. తస్బీహ్ పట్టుకుని జిక్ర్ చేసేవారికి ఈ నెమ్మది తెలిసిందే. అల్లిక ఇబాదత్‌తో సమానం కాదు గానీ, కుట్లు లెక్కపెడుతున్నంత సేపు మనసు దిగుళ్ల వైపు పోవడం తగ్గుతుంది.

బ్రిటన్‌కు చెందిన ఒక వైద్య పత్రికలో 2013లో వచ్చిన సర్వేలో వివిధ దేశాల నుంచి 3,545 మంది అల్లేవారు పాల్గొన్నారు. ఎంత తరచుగా అల్లితే అంత ప్రశాంతంగా, సంతోషంగా ఉంటున్నామని వారిలో చాలామంది చెప్పారు.

జ్ఞాపకశక్తి సంగతి

అమెరికాలోని మేయో క్లినిక్ పరిశోధకులు 70 నుంచి 89 ఏళ్ల వృద్ధులను పరిశీలించి 2011లో ఫలితాలు ప్రకటించారు. అల్లిక వంటి చేతిపనులు చేసేవారిలో మతిమరుపు తొలి లక్షణాలు తక్కువగా కనిపించాయి. అయితే జ్ఞాపకశక్తి బాగున్నవారే ఇలాంటి పనులు కొనసాగిస్తూ ఉండవచ్చు. కాబట్టి అల్లితే మతిమరుపు రాదని గ్యారంటీ ఇవ్వలేం.

చేతులు జాగ్రత్త

అల్లేటప్పుడు వేళ్లు, మణికట్టు కదులుతూ ఉంటాయి. కీళ్లు బిగుసుకునే పెద్దవాళ్లకు తేలికపాటి కదలిక మంచిదే. అతిగా చేస్తే మాత్రం నొప్పులు వస్తాయి.

* ప్రతి 20-30 నిమిషాలకు ఆపి లేచి నడవాలి, వేళ్లు చాచాలి.
* వెలుతురు బాగా ఉన్నచోట, వీపుకు ఆనుకుని కూర్చోవాలి.
* లోహపు సూదుల కన్నా తేలికైన వెదురు సూదులు నయం.
* తిమ్మిర్లు, వాపు వస్తే అల్లడం ఆపి డాక్టర్‌కు చూపించాలి.
* షుగర్, బీపీ ఉన్నవారు అల్లుతున్నాం కదా అని నడక మానకూడదు.

కొత్తగా మొదలుపెట్టేవారికి మఫ్లర్ సులువు. మన ఎండలకు ఊలు చిరాకనిపిస్తే కాటన్ దారంతో క్రోషియా టోపీ అల్లుకోవచ్చు. సూదులు చంటిపిల్లలకు అందకుండా ఉంచాలి.

మందుకు బదులు కాదు

ఇంట్లో ఎవరైనా రెండు వారాలకు మించి దిగులుగా ఉంటే, నిద్ర, ఆకలి తగ్గితే 'ఏదో ఒక పని పెట్టుకో, అదే పోతుంది' అని వదిలేయకూడదు. డిప్రెషన్ ఈమాన్ బలహీనత కాదు, జబ్బు. డాక్టర్‌కు చూపించాలి. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబర్ 14416కు ఉచితంగా, ఏ వేళలోనైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. చికిత్సకు తోడుగా మాత్రం ఊలు ఉండ, రెండు సూదులు ఇంట్లో ఉంటే మంచిదే.