పండుగప్ప గోత్రము



మేడారము సముద్రమునకు మిక్కిలి దూరమైన యడవిపల్లె. మా వాకిట నిలిచి చూచినచో కనబడునవి గుట్టలు, చెట్లు, జంపన్నవాగు ఇసుక. ఇట్టి చోట కూర్చుండి సముద్రపు చేపలను గూర్చి వ్రాయుటకు నే నెవ్వతె నని మీరు శంకింపవచ్చును. మావా రిచ్చట బడిపంతులు. నా పుట్టింట చేప నెఱుగుట యనగా పోతనామాత్యుని భాగవతమున అష్టమస్కంధము తెఱచి మత్స్యావతారకథ చదువుటయే. వంటయింటిలోనికి దానికి ప్రవేశము లేదు. అయినను 2024వ సంవత్సరము మాఘమాసమున జరిగిన జాతర నన్నీ పనికి దింపినది.

సమ్మక్క సారలమ్మల జాతర రెండేండ్ల కొకసారి వచ్చును. ఆ నాలుగు దినములు మా పల్లె పల్లె గాదు, మహానగరము. ఎవరి యింట చూచినను చుట్టములే, చుట్టముల చుట్టములే. మా యింట దిగినవారిలో కైకలూరు ప్రాంతమునుండి వచ్చిన యొక పెద్దముత్తైదువ యుండెను. ఆమె పుట్టినిల్లు యానాము చెంత. వాగున స్నానమాడుచు ఆమె, "ఈ నీ రెక్కడికి పోవునమ్మా?" యని యడిగినది. "గోదావరిలో కలియును, పిన్నిగారూ" అంటిని. "అట్లయిన మా పుట్టింటికే పోవుచున్న దన్నమాట" యని దోసిట నీరెత్తి మరల వాగులోనే విడిచినది.

ఆ రాత్రి మాటలలో ఆమె యింటి చిక్కు బయటపడినది. చిన్నకుమారుడు చెఱువు త్రవ్వించి పండుగప్పలను పెంచుచున్నాడు. దూరదేశపు పిల్ల తెప్పించినచో త్వరగా నెదుగు నని యొక వ్యాపారి యతనికి బోధించుచున్నాడు. తెప్పింపవలెనా, వలదా యని తండ్రికొడుకులకు రగడ. "పండుగప్ప ఎక్కడిదైనను పండుగప్పయే కదా? ఇందులో రగడ యెందుకు?" అని యామె యన్నది. నేను, "అది విచారింపవలసిన మాటయే, పిన్నిగారూ" అంటిని. ఆమె నవ్వి, "చేపకు గూడ గోత్రము విచారింతువా యేమి?" యన్నది.

జాతర ముగిసినది, చుట్టములు వెడలిరి, ఆ మాట మాత్రము నన్ను విడువలేదు. మావారిచే పుస్తకములు, వ్యాసములు తెప్పించి, తెలియనిచోట వారినే విసిగించి, కొంత నేర్చుకొంటిని. చేపకు గోత్ర మున్నది. దానిని విచారింపవలసిన యగత్యమును ఉన్నది.

ముందుగా పేరుల సంగతి. 1803వ సంవత్సరమున పాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు విశాఖపట్టణమున దొరకిన రెండువందల చేపల బొమ్మలను, వర్ణనలను లండనులో అచ్చువేయించెను. ఆయన మన జాలరులు పలికిన తెలుగు పేరులనే తన చెవికి వినబడినట్లు ఇంగ్లీషు అక్షరములలో వ్రాసికొనెను. అం దొకటి కనగుర్త. 1816లో ఫ్రాన్సుదేశపు పండితుడు కువియే ఆ చేపకు శాస్త్రనామము పెట్టుచు తెలుగు మాటనే యుంచెను. నేటికిని ప్రపంచములోని శాస్త్రజ్ఞు లందఱును దానిని కనగుర్త యనియే వ్యవహరింతురు. మన తీరమున వలలాగినవారి నోటిమాట ఇంత దూరము పోయినది. మనలో నెందఱి కిది తెలియును?

అయితే పేరు వేఱు, వంశము వేఱు. పిన్నిగారి పుట్టింటివారు సముద్రమున దొరకిన చేపను ఇలస యందురు. అదే చేప వరదకాలమున గోదావరి కెదురీది గ్రుడ్లు పెట్ట వచ్చినప్పుడు పులస యగును. ఇలస నడుగువారు తక్కువ, పులస యొక్కటి వేలరూపాయలు పలుకును. పేరులు రెండు, వెల రెండు, చేప యొక్కటే. పండుగప్ప విషయ మిందుకు తలక్రిందులు. పేరొక్కటే, లోన వంశములు పెక్కు.

ఇది యెట్లు తెలిసిన దందురా? మన యిండ్లలో తాళపత్రగ్రంథము లుండెడివి కదా. ఒక మూలప్రతిని చూచి పదిమంది వ్రాయసకాండ్రు పది ప్రతులు వ్రాసిరనుకొనుడు. ఒకనికి ఒకచోట అక్షరము తప్పును. అతని ప్రతిని చూచి వ్రాసినవారందఱును ఆ తప్పునే వ్రాయుదురు. వందలయేండ్ల తరువాత పండితుడు ప్రతులన్నియు ముందిడుకొని పాఠభేదములు లెక్కించినచో, ఏ ప్రతి యేప్రతికి బిడ్డయో చెప్పగలడు. రెండు ప్రతులకు భేదములు తక్కువయైన దగ్గఱి చుట్టఱికము, ఎక్కువయైన ఎప్పుడో విడిపోయిన శాఖలు. జీవుల శరీరమున ప్రతి కణమునందును డి.యన్.ఏ. యను నొక వ్రాత కలదు. తరతరమునకు దానిని నకలు తీయునప్పుడు అచ్చటచ్చట అక్షరములు మాఱుచుండును. శాస్త్రజ్ఞులు చేయుపని ఆ పాఠభేదములను లెక్కించుటయే.

ఆ వ్రాతలో ఒక చిన్న భాగము మైటోకాండ్రియా యను వానిలో నుండును. అది తల్లినుండియే బిడ్డకు సంక్రమించును, తండ్రిది చేరదు. మనము గోత్రము చెప్పునప్పుడు తండ్రిని, తాతను, ముత్తాతను చెప్పుదుము. చేపల వంశము విచారించువారు తఱచుగా తల్లిని, అమ్మమ్మను, ఆమె తల్లిని పట్టుకొని పోవుచున్నారు. ఇది చదివినప్పుడు నాకు కలిగిన సంతోషమును మావారితో చెప్పగా వారు చిఱునవ్వు నవ్వి యూరకుండిరి.

పండుగప్ప విషయమున ఇంకొక చిత్రము కలదు. ఈ చేప సాధారణముగా మొదట మగదిగా నెదిగి, కొన్నియేండ్లు మగదిగనే యుండి, పెద్దదైన పిదప ఆడుదిగా మాఱును. కావున వానిలో మిక్కిలి భాగము తల్లులు ఒకప్పుడు తండ్రులే. సుద్యుమ్నుని కథ చదివిన వారికి ఇది యంత వింత గాదు. కాని, పెద్దచేపలనే యేఱి పట్టుచు పోయినచో తల్లులే తఱిగిపోవుదు రను సంగతి మాత్రము వింతతో తీఱునది కాదు.

ఇక వంశముల మాట. 1790లో బెర్లిను పండితుడు బ్లాక్ ఈ చేపకు శాస్త్రనామము పెట్టెను. అది మొదలు రెండువందల యేండ్లకు పైగా పారసీక సింధుశాఖ మొదలుకొని ఆస్ట్రేలియా వఱకు ఉన్న దంతయు ఒకే జాతి యని యెంచిరి. 2012లో సింహళమునకు చెందిన రోహన్ పెతియగొడ, ఆస్ట్రేలియాలోని ఆంథొనీ గిల్ అను నిరువురు, సింహళపు చేపయొకటియు బర్మా చేపయొకటియు వేఱు జాతులని చూపి వానికి క్రొత్త పేరులు పెట్టిరి. 2016లో పండుగప్ప యొక్క సమగ్రమైన డి.యన్.ఏ. వ్రాతను ప్రకటించినవారు వేర్వేఱు దేశముల చేపలు అఱువదియొకటిని పోల్చి చూడగా, అవి మూడు గుంపులుగా విడినవి: ఆస్ట్రేలియా, పాపువా న్యూగినీ చేపలొకటి, ఆగ్నేయాసియా చేపలొకటి, మన భారతదేశ ప్రాంతపు చేపలొకటి. మన గుంపు బహుశః వేఱు జాతియే కావచ్చు నని వారు తలచిరి.

నీరంతయు ఒక్కటే కదా, ఇన్ని వంశము లెట్లు వచ్చెను? ఉప్పునీటికి గోడలు లేవని మనము భ్రమపడుదుము. ఇరువదివేల యేండ్ల క్రిందట, ఉత్తరఖండములపై మంచు పేరుకొని యున్న కాలమున, సముద్రమట్టము నేటికంటె దాదాపు 120 మీటర్లు దిగియుండెను. అప్పుడు మలయా, సుమత్రా, జావా, బోర్నియోలు ఒకే నేల. నేడు ఓడలు నడచు మలక్కా జలసంధి పొడినేల. మనకును సింహళమునకును నడుమ సేతువున్న చోట గూడ నడచిపోవ వీలుండెను. ఇట్లు సముద్రము దిగుట, మరల పొంగుట ఒక్కసారి గాదు, లక్షలయేండ్లలో పెక్కు పర్యాయములు జరిగినది. నేల లేచినప్పుడెల్ల ఇవతలి చేపలు ఇవతల, అవతలివి అవతల. పండుగప్ప మహాసముద్రములు దాటునది కాదు. ఏటి మొగలలో పెరిగి, ఉప్పునీటి యంచున గ్రుడ్లు పెట్టి, పిల్లలను మరల మొగలలోనికి పంపును. పుట్టింటి గడప దాటని యట్టి జీవికి ఎడబాటు వంశభేద మగుట సహజము.

కనగుర్త యట్టిది కాదు. అది గుంపులుగా విరివిసముద్రమున తిరుగును. మలయా ప్రాంతపు కడలులలో దాని డి.యన్.ఏ.ను పరిశోధించినవారికి దూరదూరపు చేపలనడుమ గూడ పెద్ద భేదము కనబడలేదు. తిరుగు జీవి కలిసిపోవును, నిలుచు జీవి విడిపోవును. ఒకే వలలో పడిన రెండు చేపలలో ఒకదాని చుట్టములు సముద్రమంతట నుండవచ్చును, రెండవదాని చుట్టములు నాలుగైదు ఏటిమొగలలోనే యుండవచ్చును. మొదటిది మన తీరమున తఱిగిన పొరుగునుండి వచ్చి నిండును. రెండవది తఱిగిన వచ్చి నింపువా రెవరు?

పులస ఈ రెంటికిని నడిమిది. 2020లో బంగ్లాదేశపు నదులలోను సముద్రమునందును పట్టిన ఇలసలను పోల్చినవారు, అవి ఎంత తిరుగుచున్నను, నివాసములనుబట్టి వానిలో పాఠభేదము లేర్పడియున్నవని వ్రాసిరి. మన గోదావరి పులసకు 1852లో ముగిసిన ధవళేశ్వరపు ఆనకట్ట అడ్డుగోడ యైనది. ఆ కట్టవలన డెల్టాలో పంటలు పండినవి, కఱవు తీఱినది, కాదనను. ఎదురీదు చేపకు మాత్రము దారి ధవళేశ్వరమున తెగిపోయినది. ఆ కట్టకు దిగువ మిగిలినదే దానికి పురిటిల్లు.

ఇన్ని విషయములను చిన్న జాబుగా కుదించి పిన్నిగారికి వ్రాసితిని. చెఱువు గట్టు తెగని యేడు మీ ప్రాంతమున నుండునా? తెగినచో దూరదేశపు పండుగప్ప కాలువలబడి ఏటిమొగకు చేరును, అచ్చటి వానితో కలియును. మన నీటి ఉప్పుకు, మన వరదకు, మన యెండకు ఎన్నివేలతరములనుండియో అలవడిన వ్రాతలో పరాయి వ్రాత కలిసినచో, దానిని మరల విడదీయ నెవరి తరము కాదు. మన యిండ్లలో అమ్మమ్మలు గాదెలలో దాచిన వరివిత్తనము లెన్ని పేరులతో సహా పోయినవో ఆమెకు నేను చెప్ప నక్కఱలేదు. స్వదేశపు పిల్ల దొరకక పోదు. మద్రాసులోని ఉప్పునీటి జలకృషి పరిశోధనసంస్థవారు 1997లోనే పండుగప్పచేత కట్టుబాటులో గ్రుడ్లు పెట్టించి పిల్లలను పొదిగించిరి. కావున పిల్ల కొనునప్పుడు వెల యడుగుటకు ముందు, వాని తల్లుల నే తీరమున పట్టిరో యడుగు మని మీ యబ్బాయితో చెప్పుడు అని ముగించితిని.

వానకాలమున ప్రత్యుత్తరము వచ్చినది. పైన క్షేమసమాచారములు, మనుమరాలి యన్నప్రాశన సంగతి. అడుగున రెండు పంక్తులు. కుమారుడు పోయి యడిగినాడట. ఆ వ్యాపారి పిల్లల తూకము చెప్పెను, వెల చెప్పెను, ఎన్ని దినముల కెంత యెదుగునో చెప్పెను. తల్లు లెచ్చటివో మాత్రము అతనికి తెలియదట. ఇంతవఱ కెవ్వరును అతని నడుగలేదట. అబ్బాయి బయానా ఇయ్యక తిరిగివచ్చి, వేఱొకచోట విచారించుచున్నాడట.