కోల్కా లోయ: ఒంటరిగా వెళ్లేవారికి ఒక తోడు

కోల్కా లోయ దక్షిణ పెరూలో, అరెకిపా నగరానికి వాయవ్యంగా ఉంది. నగరం నుంచి లోయ ముఖద్వారమైన చివాయ్ ఊరికి రోడ్డు మీద సుమారు 160 కిలోమీటర్లు. ఆండీస్ పర్వతాల్లో పుట్టిన కోల్కా నది అగ్నిపర్వతాల మధ్య నేలను కోసుకుంటూ పడమరకు సాగుతుంది. దిగువన మాహెస్ అనీ, సముద్రానికి చేరువలో కమానా అనీ పేర్లు మార్చుకుని పసిఫిక్‌లో కలుస్తుంది. ఈ నది కోసిన లోయ అత్యంత లోతైన చోట 3,270 మీటర్లని సాధారణంగా చెబుతారు. అమెరికాలోని గ్రాండ్ కాన్యన్ లోతు సుమారు 1,850 మీటర్లే. అయితే కోల్కా లోతును పక్కనున్న పర్వతాల ఎత్తు నుంచి నది దాకా కొలుస్తారు కాబట్టి, ఆ అంకె వినగానే నిట్టనిలువు గోడను ఊహించుకోకూడదు. ఎగువన లోయ వెడల్పుగా, వాలుగా ఉంటుంది. పడమరకు పోయేకొద్దీ ఇరుకై, లోతెక్కుతుంది. ఆ వాలు ఉండబట్టే మనుషులు ఇక్కడ పొలాలు చెక్కుకుని నిలిచారు. కెచువా భాషలో కోల్కా అంటే గాదె. కొండ చరియల్లో రాళ్లు, మట్టితో కట్టిన పాత గాదెలు ఇప్పటికీ కనిపిస్తాయి. లోతును చూద్దామని వెళ్లినవారిని ఈ గాదెలు, వాటిని నింపిన పొలాలు ఎక్కువసేపు నిలబెట్టేస్తాయి.

లోయ పుట్టుకకు కారణం భూమి లోపల ఉంది. పసిఫిక్ అడుగున ఉన్న నాస్కా భూఫలకం దక్షిణ అమెరికా భూఫలకం కిందికి కుంగుతూ ఉంది. దాని వల్ల ఆండీస్ పైకి లేచింది, అగ్నిపర్వతాలు పుట్టాయి. నేల పైకి లేస్తున్నకొద్దీ నది కిందికి కోసుకుంటూ పోయింది. ఆ పని ఇంకా ముగియలేదు. లోయ దక్షిణపు అంచున ఉన్న సబంకాయా అగ్నిపర్వతం 2016 చివర్లో మళ్లీ మేల్కొని బూడిద కక్కింది. ఆ ఏడాది ఆగస్టులో ఇచుపంపా ఊరి దగ్గర వచ్చిన భూకంపం మట్టి ఇళ్లను కూల్చేసింది. మాకా ఊరి కింది నేల ఏళ్ల తరబడి నదివైపు జారుతూనే ఉంది. 2019లో యునెస్కో ఈ లోయను, పక్కనున్న అందాగ్వా అగ్నిపర్వతాలను కలిపి ప్రపంచ జియోపార్కుగా గుర్తించింది.

ఒంటరిగా వచ్చేవారికి లోయ చూడటానికి మూడు దారులున్నాయి. అరెకిపా నుంచి బస్సెక్కి, సొంతంగా తిరగడం మొదటిది. ఒక గైడును తనకోసమే మాట్లాడుకోవడం రెండోది; ఖర్చంతా ఒక్కరి మీదే పడుతుంది. ఎక్కువమంది ఎంచుకునేది మూడోది: పదిమందో పదిహేనుమందో కలిసే గుంపు యాత్రలో ఒక సీటు కొనుక్కోవడం. వాహనం, గైడు ఖర్చును అందరూ పంచుకుంటారు. రాత్రి బసకు విడి గది కావాలంటే మాత్రం అదనంగా చెల్లించాలి. పెరూలో పర్యాటక గైడు వృత్తికి 2005లో ప్రత్యేక చట్టం వచ్చింది. చదువు పూర్తి చేసి గుర్తింపు కార్డు పొందినవారే ఈ పని చేయాలి. డబ్బు కట్టే ముందు ఆ కార్డు గురించి అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

కాలిబాటలు తెలిసినవే కదా, గైడు దేనికి అనే ప్రశ్న సహజం. 2011 ఏప్రిల్‌లో ఇద్దరు విద్యార్థులు ఈ కొండల్లో దారి తప్పారు. యువతి కొన్ని రోజులకు ప్రాణాలతో దొరికింది. యువకుడి కోసం నెలల తరబడి వెతికారు. అక్టోబరులో మృతదేహం దొరికింది. వెంట నడిచే ఇంకో మనిషి లేనివారికి కాలు బెణికినా, దారి మరిచినా, ఊపిరి అందకపోయినా ఆ సంగతి గమనించేది గైడు ఒక్కరే. ఒంటరి ప్రయాణానికి గైడును భారంగా చూడటం పొరపాటు.

ఒకే రోజులో ముగించే యాత్ర తెల్లవారుజామున మూడింటికే అరెకిపాలో బయలుదేరి సాయంత్రానికి తిరిగి చేరుతుంది. అలసట తప్ప మిగిలేది తక్కువ కాబట్టి దాన్ని మెచ్చుకోలేం. రెండు రోజులది నయం, మూడు రోజులది ఇంకా నయం. అరెకిపా 2,335 మీటర్ల ఎత్తున ఉంది. తెల్లటి అగ్నిపర్వత శిలతో కట్టిన ఈ నగరంలో ముందుగా రెండు రోజులు ఆగితే ఒంటికి ఎత్తు కొంత అలవాటవుతుంది. చివాయ్ వెళ్లే రోడ్డు పతపంపా కనుమ దగ్గర 4,910 మీటర్లకు ఎక్కుతుంది. అక్కడ గాలి పీడనం సముద్రమట్టంలో ఉన్నదానిలో సగానికి కొంచెం ఎక్కువ. తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం మొదలైతే దాన్ని స్థానికులు సొరోచే అంటారు. నెమ్మదిగా నడవడం, నీళ్లు బాగా తాగడం, మద్యం మానడం, తేలికగా తినడం మేలు చేస్తాయి. లక్షణాలు ముదిరితే వెంటనే కిందికి దిగడమే మందు. ముందుజాగ్రత్తగా మాత్రలు వేసుకోవాలా అన్నది బయలుదేరకముందే సొంత ఊళ్లో డాక్టరును అడిగి తేల్చుకోవాలి. దారిలో ప్రతి హోటల్లోనూ కోకా ఆకుల టీ ఇస్తారు. పెరూలో అది చట్టబద్ధం. ఆ ఆకులను గుర్తుగా సంచీలో వేసుకుని ఇండియాకో అమెరికాకో తెస్తే మాత్రం నేరం.

కనుమకు ముందు రోడ్డు సాలినాస్, అగ్వాదా బ్లాంకా జాతీయ అభయారణ్యం గుండా పోతుంది. పసుపు గడ్డి మైదానంలో వికున్యాలు మేస్తుంటాయి. ఒంటె జాతికి చెందిన ఈ చిన్న జంతువు ఉన్ని ప్రపంచంలోనే అతి సన్ననివాటిలో ఒకటి. ఆ ఉన్ని కోసం వేటాడి 1960ల నాటికి వీటిని దాదాపు తుడిచిపెట్టారు. ఇప్పుడు ప్రాణంతోనే పట్టుకుని, ఉన్ని కత్తిరించి వదిలేస్తారు.

పతపంపా మీద వ్యాను ఆగేది పది నిమిషాలే, చలి కోస్తుంది. కానీ ఎదుట వరుసగా నిలబడే శిఖరాలు మరువరానివి: అంపాతో, సబంకాయా, వాల్కా వాల్కా, దూరంగా మిస్మి. మిస్మికి దక్షిణాన కరిగిన మంచు కోల్కాలో పడి పసిఫిక్ చేరుతుంది. ఉత్తరాన కరిగింది అమెజాన్‌లో చేరి, ఖండమంతా దాటి అట్లాంటిక్‌లో కలుస్తుంది. అమెజాన్ నదికి అతి దూరపు మూలం ఇదేనని చాలాకాలం లెక్కించారు. ఇక 6,288 మీటర్ల అంపాతో మీద 1995 సెప్టెంబరులో మానవశాస్త్రవేత్త యోహాన్ రైన్‌హార్డ్, పర్వతారోహకుడు మిగేల్ సరాతే గడ్డకట్టిన ఒక బాలిక దేహాన్ని చూశారు. సబంకాయా బూడిద పడి మంచు కరగడంతో ఆమె సమాధి బయటపడింది. ఇంకాల కాలంలో, సుమారు 500 ఏళ్ల కిందట, కొండ దేవతకు బలి ఇచ్చిన పిల్ల ఆమె. వయసు పన్నెండుకూ పదిహేనుకూ మధ్య. హువానితా అని పేరు పెట్టారు. అరెకిపాలోని శాంతా మరియా కాథలిక్ విశ్వవిద్యాలయం మ్యూజియంలో ఆమెను భద్రపరిచారు. లోయకు వెళ్లేముందే ఆ మ్యూజియం చూస్తే, ఇక్కడివారికి శిఖరాలు వట్టి రాళ్లు కావన్న సంగతి అర్థమవుతుంది.

చివాయ్ 3,600 మీటర్లకు పైన ఉంది. భోజనంలో కీన్వా సూపు, మొక్కజొన్న, రకరకాల బంగాళాదుంపలు వస్తాయి. మన వంటింటి బంగాళాదుంప పుట్టిల్లు ఈ ఆండీస్ కొండలే. సూపులు తరచుగా మాంసం రసంతో చేస్తారు కాబట్టి శాకాహారులు ముందురోజే గైడుకు చెప్పి పెట్టుకోవడం మంచిది.

లోయలో రెండు జాతులవారున్నారు: ఎగువన కొయాగ్వాలు, దిగువన కబానాలు. మొదటివారు ఒకప్పుడు ఐమారా మాట్లాడేవారు, రెండోవారు కెచువా. స్పెయిన్ అధికారి హువాన్ దె ఉయోవా మొగొయోన్ 1586లో ఒక నివేదికలో వీరి గురించి వింతైన సంగతి రాశాడు. పసిపిల్లల తలలను కట్టి కొయాగ్వాలు పొడవుగా, కబానాలు వెడల్పుగా మలిచేవారట. తమ పూర్వీకులు వెలువడిన కొండ ఆకారం తలకు రావాలన్నది వారి ఉద్దేశం. స్పానిష్ పాలకులు దాన్ని నిషేధించారు. ఆ తేడా ఇప్పుడు ఆడవారి టోపీల్లో మిగిలింది. కొయాగ్వా స్త్రీలు రిబ్బన్లు చుట్టిన తెల్లని గడ్డి టోపీ పెడతారు. కబానా స్త్రీలది దట్టమైన ఎంబ్రాయిడరీతో నిండిన టోపీ. వ్యానులో కిటికీ పక్కన కూర్చున్నవారు ఏ ఊళ్ల దగ్గర టోపీ మారిందో గమనిస్తే పాత సరిహద్దు కళ్లకు కడుతుంది. యాంకె, మాకా, లారి ఊళ్లలోని తెల్లని చర్చీలు, చదరపు వీధులు కూడా స్పానిష్ పాలన గుర్తులే. 1570లలో వైస్రాయ్ తొలేదో చెల్లాచెదురుగా ఉన్న పల్లెలను ఖాళీ చేయించి జనాన్ని ఇలాంటి ఊళ్లలోకి చేర్చాడు.

పొలాల దగ్గర ఎంతసేపు ఆగినా చాలదు. నది ఒడ్డు నుంచి కొండ భుజం దాకా మెట్లు మెట్లుగా రాతి గట్లు కట్టారు. వీటిని ఆండెనెస్ అంటారు. వీటిలో చాలావరకు ఇంకాల కంటే ముందటివి, కనీసం వెయ్యేళ్లుగా సాగులో ఉన్నవి. గట్టు వెనక రాళ్లు, ఆపైన మట్టి నింపుతారు. నేల కొట్టుకుపోదు, నీరు ఇంకుతుంది, పగలు ఎండకు వేడెక్కిన రాయి రాత్రి మంచు కాటు నుంచి పైరును కాస్తుంది. మొక్కజొన్న, బార్లీ, కీన్వా, చిక్కుళ్లు పండుతాయి. వాన కొద్ది నెలలే కాబట్టి బతుకంతా మంచు నీటి కాలువల మీద నడుస్తుంది. మన చెరువుల కింద నీరటి చేసే పనిని ఇక్కడ ఊరు ఎన్నుకున్న నీటి పంపకందారు చేస్తాడు. ఏటా అందరూ కలిసి కాలువల పూడిక తీస్తారు, అది పండుగ కూడా.

ఆ నీటి కోసం పోరాటమూ జరిగింది. 1970లలో మొదలైన మాహెస్ ప్రాజెక్టు కోల్కా నీటిని సొరంగాలు, కాలువల ద్వారా తీరపు ఎడారికి మళ్లించింది. లోయకు మోటారు రోడ్లు వచ్చింది ఆ ప్రాజెక్టు వల్లే. కానీ కాలువ లోయలోని కబానకోందే ఊరి పొలాల పైనుంచే పోతుండగా ఊరివారికి అందులో చుక్క దక్కలేదు. 1983లో, కరువు వేళ, కొందరు గ్రామస్థులు కాలువను బద్దలు కొట్టారు. చివరికి ప్రభుత్వం ఊరికి నీటి వాటా ఒప్పుకుంది, బీడుపడిన మెట్లు మళ్లీ పచ్చబడ్డాయి. లోయ అందాన్ని వర్ణించే గైడు ఈ కథ చెప్పకపోతే అడిగి మరీ చెప్పించుకోవాలి.

యాత్రలో రెండో ఉదయం అందరూ చేరేది క్రుస్ దెల్ కోందోర్ అనే చోటికి. అక్కడి నుంచి నది సుమారు 1,200 మీటర్ల కింద దారంలా కనిపిస్తుంది. ఎండ ముదిరి కొండగోడలు వేడెక్కాక, ఎనిమిది తొమ్మిది గంటల వేళ, గాలి పైకి లేస్తుంది. ఆ గాలిని పట్టుకుని కాండోర్ రాబందులు లోయలోంచి పైకి వస్తాయి. రెక్కలు చాస్తే మూడు మీటర్లు దాటుతుంది, బరువు 15 కిలోల వరకు ఉంటుంది. అంత బరువును రెక్కలు ఆడించి మోయడం కష్టం. ఈ పక్షులకు పరికరాలు కట్టి చేసిన ఒక అధ్యయనం 2020లో వెలువడింది. ఎగిరే సమయంలో ఒక శాతం మాత్రమే అవి రెక్కలు ఆడిస్తాయని, ఒక పక్షి అయిదు గంటలకు పైగా ఒక్కసారీ ఆడించకుండా సుమారు 170 కిలోమీటర్లు తేలిపోయిందని తేలింది. మెడ చుట్టూ తెల్లని పట్టీ ఉన్నవి పెద్దవి, తల మీద కండ తురాయి ఉన్నది మగది, గోధుమరంగువి పిల్లలు. రెండేళ్లకోసారి ఒకే గుడ్డు పెట్టే జాతి కాబట్టి ఒక్కటి పోయినా లోటు పూడటానికి చాలాకాలం పడుతుంది. గొంతు తగ్గించి మాట్లాడితే అవి గట్టుకు దగ్గరగా వస్తాయి.

నడవగలిగినవారు కబానకోందే నుంచి లోయలోకి దిగుతారు. ఊరు 3,287 మీటర్ల ఎత్తున, అడుగునున్న సంగాయే ఒయాసిస్సు అంతకు 1,100 మీటర్లు కింద ఉంటాయి. వదులు రాళ్ల బాట, దిగడానికి సుమారు మూడు గంటలు పడుతుంది, మోకాళ్లకు పరీక్ష. చేతికర్ర అవసరం. దిగేకొద్దీ చలి పోయి, ఖర్జూరం లాంటి చెట్లు, పండ్ల తోటలు వస్తాయి. దారిలోని నాగజెముడు ఆకుల మీద తెల్లని బూజులా కనిపించేవి కోచినీల్ పురుగులు. గైడు ఒకదాన్ని నలిపితే వేలు ఎర్రబడుతుంది. ఆ రంగునే బట్టలకూ ఆహారానికీ వాడతారు. రాత్రి బస అక్కడే. తిరిగి ఎక్కడం ఎండ రాకముందే, చీకట్లో నాలుగైదు గంటలకు మొదలవుతుంది. కాళ్లు మొరాయిస్తే కంచరగాడిదను అద్దెకు తీసుకోవచ్చు, ముందురోజు చెప్పాలి.

మే నుంచి నవంబరు దాకా పొడి కాలం, ఆకాశం తేటగా ఉంటుంది, రాత్రులు గడ్డకట్టిస్తాయి. డిసెంబరు నుంచి మార్చి దాకా వానలు. మెట్లు పచ్చగా ఉంటాయి, కాండోర్లు తక్కువ కనిపిస్తాయి, బాటలు జారుతాయి. పెరూ వీసా భారతీయులకు తప్పనిసరే. అయితే అమెరికా, కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియా, షెంగెన్ దేశాల్లో ఏదో ఒకదాని వీసాకు ఆరు నెలల గడువైనా మిగిలి ఉన్నవారికి, అక్కడి నివాస హక్కు ఉన్నవారికి 2017 నుంచి మినహాయింపు ఉంది. బయలుదేరే ముందు రాయబార కార్యాలయంలో ఒకసారి సరిచూసుకోవాలి.

కబానకోందే నుంచి తిరుగు దారిలో వ్యాను చివాయ్ పక్కన లా కలేరా వేడినీటి బుగ్గల దగ్గర ఆగుతుంది. అగ్నిపర్వతాలను పుట్టించిన ఆ భూమి వేడే ఇక్కడ కొలనుల్లోకి వస్తుంది. ఎక్కి దిగిన కాళ్లను అందులో నానబెట్టుకున్నాక, మళ్లీ కనుమ దాటి, సాయంత్రానికి అరెకిపా చేరుతారు.