కాలవినియోగమున జరుగు పొరపాట్లు

కాలము విలువైనదని చెప్పనివారు లేరు. అయినను పరీక్షలు సమీపించునప్పటికి "కాలము చాలలేదు" అను మాట ప్రతి తరగతియందును వినబడుచునే యుండును. దీనికి సోమరితనమే కారణమని పెద్దలు తలంతురు. కాని కష్టపడి చదువు బాలబాలికలు సైతము వెనుకబడుట చూచినచో, లోపము శ్రమయందు గాక లెక్కయందే యున్నదని మాకు తోచుచున్నది. ఆ పొరపాట్లలో ముఖ్యమైనవాటిని, వాటి నివారణోపాయములను ఇచట వివరింతుము.

మొదటిది, ముందుగా తెలిసినదానిని ఆకస్మికమని యెంచుట. మన ద్వారకా తిరుమలలో శ్రీ వేంకటేశ్వరస్వామివారి కల్యాణోత్సవములు ఏటేట వైశాఖమున నొకమాఱును, ఆశ్వయుజమున నొకమాఱును జరుగును. వైశాఖోత్సవము వేసవిలో వచ్చును గాని, ఆశ్వయుజోత్సవము చదువుల నడుమ వచ్చును. ఆ దినములలో ఇంటికి బంధువులు వత్తురనియు, వీథులు యాత్రికులతో నిండుననియు ఎఱుగనివారెవరు? అయినను వ్రాయవలసిన పాఠములను ఆ దినములకే మిగిల్చి, పిమ్మట "చుట్టములు వచ్చిరి" అని చెప్పువారు పలువురు. పంచాంగము చేతికి వచ్చిననాడే పండుగలను, నాట్లను, కోతలను, పెండ్లిండ్లను గుర్తించి, మిగిలిన దినములను మాత్రమే చదువునకు లెక్కింపవలెను.

రెండవది, పనికి పట్టు కాలమును తక్కువగా అంచనా వేయుట. కెనడా దేశపు మనశ్శాస్త్రజ్ఞులు కొందఱు విశ్వవిద్యాలయ విద్యార్థులను, "మీ పరిశోధనవ్యాసము ఎన్ని దినములలో ముగియును?" అని యడిగిరి. సగటున 34 దినములని వారు చెప్పిరి. నిజముగా పట్టినవి 55 దినములు. 1994లో ప్రకటింపబడిన యీ పరిశీలన పెద్దచదువులవారికిని ఈ లోపము తప్పదని తెలుపుచున్నది. కావున "ఎంతలో ముగింతును?" అని ఆశను అడుగక, "క్రిందటిమాఱు ఎంత పట్టినది?" అని అనుభవమును అడుగవలెను. క్రిందటి గణితాధ్యాయమునకు ఆఱుగంటలు పట్టినచో, రాబోవు అధ్యాయమునకును ఆఱుగంటలే కేటాయింపుడు.

మూడవది, చదువంతయు చివరకు ఉంచుట. జర్మనీ దేశీయుడగు ఎబ్బింగ్‌హౌస్ అను శాస్త్రజ్ఞుడు తనమీదనే ప్రయోగములు చేసి 1885లో ఒక గ్రంథమును ప్రకటించెను. నేర్చినది మొదటి గంటలలోనే వేగముగా మఱపునకు వచ్చుననియు, ఒక్కదినమున పలుమాఱులు వల్లించుటకంటె కొన్నిదినములకు పంచి వల్లించుట లాభకరమనియు అతడు కనుగొనెను. కావున నేటి పాఠమును నేటి సాయంకాలమున ఒకమాఱు, రెండుదినముల పిమ్మట ఒకమాఱు, వారమునకు మఱియొకమాఱు చూచుకొనవలెను. ఒక్కొక్కమాఱు పదినిమిషములైనను చాలును.

నాల్గవది, పనులన్నిటిని ఒక్కసారి చేపట్టుట. మన కొల్లేటిని చూడుడు. బుడమేరు, తమ్మిలేరు మొదలగు యేరులు పలుదిక్కులనుండి వచ్చి అందు చేరును. ఆ నీరు సముద్రమునకు పోవుటకు ఉప్పుటేరు ఒక్కటియే దారి. వానలు మిక్కుటమైనప్పుడు వచ్చినంత నీరు పోలేక లంకగ్రామములు ముంపునకు గురియగును. మన మనస్సును అట్టిదే. పనులు పలుదారుల వచ్చును. అవి ముగియవలసిన దారి యొక్కటియే. ఎదుట పుస్తకము, ప్రక్కన చరవాణి ఉంచుకొన్నవానికి రెండును దక్కవు. చేయవలసిన పనులను కాగితముపై వ్రాసి, ఒకటి ముగిసినపిమ్మటనే మఱియొకటి చేపట్టవలెను. చదువు ముగియువఱకు చరవాణి వేఱుగదిలో నుండుట మేలు.

కడపటి మాట తలిదండ్రులకు. పిల్ల పుస్తకము తెఱచినంతనే "నీళ్లు తెమ్ము, అంగడికి పొమ్ము, చంటివానిని ఎత్తుకొనుము" అని పిలుచుట పెక్కుయిండ్లలో కలదు. ఈ పిలుపులు మగపిల్లలకంటె ఆడపిల్లలకే యెక్కువ. ఇంటిపని నేర్చుట తప్పుకాదు. కాని పలుమాఱులు తెగిన గంట గంట కాదు. అట్టి పిల్ల తరగతిలో వెనుకబడినచో, తెలివి లేదని చదువు మాన్పించుట ఎంత అన్యాయము! పనికొక వేళ నేర్పఱచి, సాయంకాలమున ఒక్కగంట ఎవరును పిలువకుండ ఆమెకు విడిచిపెట్టుడు. విద్యార్థులారా, ఆ గంట దొరికిననాడు దానిని వ్యర్థపుచ్చకుండుట మీ విధి.