షట్‌డౌన్ (యూనిక్స్ ఆదేశము)

షట్‌డౌన్ అనునది యూనిక్స్, లైనక్స్ ఆపరేటింగ్ సిస్టములలో కంప్యూటరును క్రమపద్ధతిలో ఆపుటకు గానీ, తిరిగి ప్రారంభించుటకు గానీ వాడే ఆదేశము. ఇది 1980లో బర్క్‌లీ యూనిక్స్ (4బీఎస్‌డీ)తో వచ్చినది. సర్వర్లపై సాధారణముగా రూట్ వాడుకరికి మాత్రమే దీనిని వాడే అధికారముండును.

ఆవశ్యకత

ఫైలును భద్రపరచగానే అది డిస్కుపైకి చేరినట్లు కాదు. వేగము కొరకు కెర్నెల్ ఆ సమాచారమును కొంతసేపు ర్యామ్‌లోనే ఉంచి తరువాత డిస్కుపై వ్రాయును. ఈలోగా విద్యుత్తు తీసివేసినచో అది పోవును; ఫైల్ సిస్టము పట్టికలు కూడా సగము వ్రాతలో ఆగిపోవచ్చును. 2001లో లైనక్స్ కెర్నెల్‌లో చేరిన ఈఎక్స్‌టీ3 వంటి జర్నలింగ్ ఫైల్ సిస్టములు పట్టికలను కాపాడును గానీ, డిస్కుకు చేరని సమాచారమును తిరిగి తేలేవు. పూర్వము యూనిక్స్ నిర్వాహకులు యంత్రమును ఆపే ముందు సింక్ ఆదేశమును మూడుసార్లు టైపు చేసేవారు. ఇందులో మంత్రమేమీ లేదు. అప్పటి సింక్ వ్రాత పూర్తికాకముందే ముగిసేది. మిగిలిన రెండుసార్లు టైపు చేయుటకు పట్టే సమయము డిస్కుకు సరిపోయేది.

పనిచేయు విధానము

షట్‌డౌన్ తరువాత +10 అని ఇచ్చినచో యంత్రము 10 నిమిషముల తరువాత ఆగును. లాగిన్ అయి ఉన్నవారి టెర్మినళ్ళపై హెచ్చరిక కనబడును. చివరి 5 నిమిషములలో కొత్త లాగిన్‌లు నిరాకరింపబడును. గడువు తీరగానే ప్రోగ్రాములకు ముందుగా టెర్మ్ సంకేతము వెళ్ళును. ఇది పని ముగించుకొమ్మనుట. అప్పటికీ ఆగని వాటికి కిల్ సంకేతము వెళ్ళును. పిమ్మట మిగిలిన సమాచారము డిస్కుపై వ్రాయబడి, ఫైల్ సిస్టములు అన్‌మౌంట్ అగును.

అడ్డగీత తరువాత హెచ్ అక్షరమును చేర్చినచో యంత్రము ఆగును, ఆర్ చేర్చినచో తిరిగి ప్రారంభమగును, సీ చేర్చినచో ముందు ఇచ్చిన ఆదేశము రద్దగును. ఏ అక్షరమూ లేకుండా "షట్‌డౌన్ నౌ" అని ఇచ్చినచో ఫలితము అన్నిచోట్లా ఒకటి కాదు. పాత సిస్‌వీ ఇనిట్ పద్ధతిలో యంత్రము ఏకవాడుకరి స్థితికి వెళ్ళును. 2010లో వచ్చిన సిస్టమ్‌డీ ఉన్నచోట పూర్తిగా ఆగిపోవును.

ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా దూరముననున్న సర్వరుపై పనిచేయునప్పుడు ఈ తేడా ముఖ్యము. ఆర్ బదులు హెచ్ పడినచో, దూరము నుండి విద్యుత్తు ఇచ్చే ఏర్పాటు లేని యంత్రము వద్దకు ఎవరో ఒకరు వెళ్ళి మీట నొక్కవలసినదే. ముందుగా హోస్ట్‌నేమ్ ఆదేశముతో ఏ యంత్రముపై ఉన్నామో చూచుకొనుట మేలు.

ఏ ఆదేశమునూ స్వీకరించని స్థితిలో

లైనక్స్‌లో ఆల్ట్, సిస్‌ఆర్‌క్యూ మీటలను నొక్కిపట్టి ఎస్, యు, బి అక్షరములను కొద్ది విరామముతో వరుసగా నొక్కవచ్చును. ఎస్ సమాచారమును డిస్కుపై వ్రాయించును. యు ఫైల్ సిస్టములను చదువుటకు మాత్రమే వీలగునట్లు మార్చును. బి తక్షణము రీబూట్ చేయును. కొన్ని లైనక్స్ పంపిణీలలో ఈ మీటలలో కొన్ని పనిచేయకుండా ముందే నిరోధింపబడి ఉండును.