విజయనగర రాజకుమారుని క్రికెట్టు

కలవారి యింట బుట్టిన బిడ్డకు ఆటలపై మక్కువ కలుగుట వింతగాదు. ఆ మక్కువ ఆటను పోషించుటకా, ఆటలో పెద్దరికమును కొనుటకా యన్నదే తల్లులు కనిపెట్టవలసిన విషయము. అమెరికాలో న్యూయార్కు హెరాల్డు పత్రికకు వారసుడైన జేమ్సు గార్డన్ బెన్నెట్టు (1841–1918) ధనమును ఓడపందెములకును, బెలూను పందెములకును ధారపోసి, కీర్తితోపాటు విపరీత చేష్టల వాడన్న పేరును గూడ మిగుల్చుకొనెను. మన తెలుగునాట అట్టి ధనిక క్రీడాభిమాని విజయనగర రాజకుమారుడు విజయానంద గజపతిరాజు. లోకము ఆయనను ‘విజ్జీ’ యని పిలిచెను.

ఈయన 1905 డిసెంబరు 28వ తేదీన పూసపాటివారి వంశమున రెండవ కుమారుడుగా జన్మించెను. గద్దె అన్నగారికి చెందెను. అజ్మీరులోని మేయో కళాశాలలోను, ఇంగ్లండులోని హెయిలీబరీలోను చదువుకొని, కాశీలో నివాసమేర్పరచుకొని, అచ్చట మైదానమును సిద్ధపరచి స్వంత జట్టును నిలిపెను. 1930లో శాసనోల్లంఘనోద్యమము కారణముగా ఆంగ్లేయుల జట్టు రాక నిలిచిపోగా, జాకు హాబ్సు, హెర్బర్టు సట్‌క్లిఫు అను జగత్ప్రసిద్ధులను తానే రప్పించి, తన జట్టుతో హిందూదేశమునను, సింహళమునను ఆడించెను. ఇంతవరకు ఆ ధనము సద్వినియోగమైనట్లే.

1936లో ఇంగ్లండునకు వెడలిన హిందూదేశపు జట్టునకు విజ్జీ నాయకుడయ్యెను. 1932లో మన దేశపు మొదటి టెస్టుపోటీకి నాయకత్వము వహించిన తెలుగు కుటుంబీకుడు కొఠారి కనకయ్య నాయుడు ఆ జట్టులోనే యుండెను. అట్టివాని కెదుట నాయకపీఠ మెక్కిన రాజకుమారుడు మూడు టెస్టులలో చేసిన పరుగులు 33 మాత్రమే. రెండు పోటీలలో మనవా రోడిరి. ఒకటి ఫలితము తేలక ముగిసెను.

అంతకంటె విచారకరమైనది లాలా అమరనాథుని కథ. హిందూదేశము పక్షమున మొదటి టెస్టు శతకమును 1933లో సాధించిన యువకు డాతడు. ఒకనాటి పోటీలో బ్యాటు పట్టుటకు సిద్ధమై కూర్చుండియుండగా, వరుస మార్చి ఆతనిని వెనుకకు నెట్టిరి. ఆతడు కోపము పట్టజాలక పరుషముగా మాటలాడెను. అంతమాత్రమునకే మొదటి టెస్టు జరుగకముందే ఓడ యెక్కించి యింటికి పంపివేసిరి! 1937లో బొంబాయి ప్రధాన న్యాయాధిపతి సర్ జాన్ బోమంటు అధ్యక్షతను విచారించిన సంఘము అమరనాథుని నిర్దోషిగా దలచి, విజ్జీ నాయకత్వమునే తప్పుపట్టెను. అయినను, నడుమ యుద్ధము వచ్చుటచే, అమరనాథునకు మరల టెస్టులో అడుగుపెట్టు భాగ్యము 1946లో గాని కలుగలేదు. యౌవనమున పదియేండ్లనగా ఆటగానికి సగము జీవితము గదా!

సోదరీమణులారా! అన్నదానము చేసిన గృహస్థు పంక్తిలో మొదటి విస్తరి తనకే వేయించుకొనినచో, పెట్టిన అన్నము మాట యెవరికి జ్ఞప్తియుండును? ఇంగ్లండులో జరిగినది ఇంతే.

కాని కథ ఇంతటితో ముగియలేదు. ఆ యేటనే పొందిన ‘సర్’ బిరుదమును విజ్జీ 1947లో వదలుకొనెను. 1952లో క్రికెట్టు మండలి ఉపాధ్యక్షుడుగా నుండి, అమరనాథుడు తిరిగి నాయకు డగుటకు తోడ్పడెను. ఆ నాయకత్వముననే మనవారు పాకిస్తానుపై విజయము గాంచిరి. కనకయ్య నాయుడుగారిని ఉత్తర ప్రదేశమునకు రప్పించి, అచ్చటి జట్టునకు నాయకునిగా జేయుటలోను ఈయన చేయి గలదు. 1954 మొదలు 1957 వరకు మండలి అధ్యక్షుడై, 1958లో పద్మభూషణమును పొంది, విశాఖపట్టణము పక్షమున లోకసభలో కూర్చుండి, 1965 డిసెంబరు 2వ తేదీన కాశీలో కాలధర్మము నొందెను.

తాను ముందు నిలిచిననాడు రాని మన్నన, ఇతరులను ముందు నిలిపిననాడు ఆయనకు లభించెను. మన పిల్లలకు బంతిని, బ్యాటును కొని యిచ్చునపుడు, తమవంతు వచ్చువరకు వేచియుండుటయు, ఎదుటివాని ఆటను మెచ్చుకొనుటయు గూడ నేర్పుదము. అంగడిలో దొరకనివి ఈ రెండే.